పీత డొప్పలు, పాత సముద్రాల వేడి: చెన్నైలో ఇంటి ప్రాజెక్టు డైరీ

ఎవరైనా ఇదే పని మళ్లీ చేద్దామనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా. నేను శాస్త్రవేత్తని కాను, లెక్కలు చూసే ఉద్యోగం. పెరంబూర్‌లో అద్దె ఇల్లు, మొదటి అంతస్తు, అమ్మ, నేను. కింద ఇంటి ఓనర్ మామి, పూర్తి శాకాహారి. ఈ చివరి విషయం ప్రాజెక్టు మీద ఎంత ప్రభావం చూపిస్తుందో మొదట్లో నాకు తెలీదు.

దశ 0: ప్రశ్న (జనవరి)

ఒంటి వేడిని తాము తయారుచేసుకోలేని జంతువులు వెచ్చటి నీళ్లలో త్వరగా పెరుగుతాయి, కానీ చిన్న సైజులోనే ఈడుకొచ్చేసి ఆగిపోతాయి. డేవిడ్ అట్కిన్సన్ 1994లో ఎన్నో జాతుల మీద జరిగిన ప్రయోగాలు పోగేసి ఎక్కువ వాటిలో ఇదే జరుగుతోందని చూపించాడు. కారణం మీద ఇంకా గొడవలున్నాయి. చాలామంది చెప్పేది ఆక్సిజన్ సంగతి: సున్నా డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర అది 7.5కి పడిపోతుంది, ఉప్పునీళ్లలో ఇంకా తక్కువ. వేడెక్కేకొద్దీ ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, నీళ్లు తక్కువ ఇస్తాయి, పెద్ద ఒళ్లున్నదానికే ముందు ఊపిరాడదు అని వాదన.

సరే, అదే నిజమైతే సముద్రాలు వేడెక్కిన కాలాల్లో, అంటే 5.6 కోట్ల ఏళ్ల కిందట భూమి ఒక్కసారిగా 5 డిగ్రీలకు పైగా వేడెక్కినప్పుడో, ఆ తర్వాతి ఇయోసీన్ యుగం తొలి రోజుల్లోనో, పీతలు చిన్నవై, 3.4 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మీద మంచు పేరుకున్నాక మళ్లీ పెద్దవై ఉండాలి కదా? అచ్చైన ఫోటోల నుంచి శిలాజ పీతల డొప్పలు కొలిచి, పక్కన సముద్రపు వేడి రాసి, గీత గీసి చూడాలి. రెండు నెలల పని అనుకున్నా. ఎనిమిది నెలలు పట్టింది, గీత ఇంకా గీయలేదు.

దశ 1: ఫోటోలో కొలవడం (ఫిబ్రవరి, మార్చి)

పనిముట్లు: 150 మిల్లీమీటర్ల డిజిటల్ వెర్నియర్, ఫోన్ పట్టుకునే స్టాండు, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్, లిబ్రేఆఫీస్ షీటు.

ఇమేజ్‌జేలో పని సులువే. ఫోటోలో ఉన్న స్కేలు గీత మీద లైను లాగి ఇది 10 మిల్లీమీటర్లు అని చెబితే, తర్వాత ఎక్కడ లైను లాగినా మిల్లీమీటర్లలో చెబుతుంది. మూడు వారాల్లో 214 వరుసలు ఎక్కించేశా. తర్వాత బుద్ధొచ్చి, నా కొలత ఎంత నమ్మాలో చూద్దామని వంటింట్లో ఉన్న ఒక మామూలు పీత డొప్పని ముందు వెర్నియర్‌తో, తర్వాత నేనే ఫోటో తీసి ఇమేజ్‌జేతో కొలిచా. వెర్నియర్‌లో 52.4. ఫోటోలో 55.1. అయిదు శాతం తేడా! నా ప్రశ్నలో వెతుకుతున్న తేడాయే అంతకి అటూ ఇటూ ఉండొచ్చు.

తప్పు ఎక్కడుందో పట్టడానికి రెండు ఆదివారాలు పోయాయి. లెన్స్ అనుకున్నా, ఫోన్ మార్చా, అదే తేడా. చివరికి తెలిసింది: స్కేలు బల్ల మీద ఉంది, డొప్ప అంచు బల్లకి 15 మిల్లీమీటర్లు పైన ఉంది. కెమెరా 300 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే డొప్ప అంచు కెమెరాకి 285 దూరంలోనే ఉన్నట్టు. 300ని 285తో భాగిస్తే 1.053. అచ్చంగా అదే అయిదు శాతం.

మార్చిన పద్ధతి:

1. స్కేలుని డొప్ప వెడల్పైన అంచు ఎత్తుకి లేపాలి. నేను అగ్గిపెట్టెలు పేర్చా, ఎరేజర్లూ సరిపోతాయి.
2. కెమెరా కనీసం మీటరు ఎత్తులో పెట్టి జూమ్ చేయాలి. అప్పుడు స్కేలు బల్ల మీదే మర్చిపోయినా తప్పు సుమారు 1.5 శాతమే.
3. ప్రతి డొప్పనీ మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో కొలవాలి. ఒకే కూర్చోవడంలో మూడుసార్లు కొలిస్తే మొదటి అంకె గుర్తుండి చెయ్యి అక్కడికే పోతుంది.

ఇది నా ఫోటోలకి సరే. వేరేవాళ్లు తీసిన శిలాజాల ఫోటోల్లో స్కేలు ఏ ఎత్తులో ఉందో నాకెలా తెలుస్తుంది? తెలీదు. ఉబ్బెత్తు డొప్పలకి ఎక్కువ, చదునువాటికి తక్కువ తప్పు ఉంటుందని గుర్తుపెట్టుకోవడం, వ్యాసంలో కొలత అంకెల్లో ఇచ్చి ఉంటే ఫోటోని వదిలేసి ఆ అంకే వాడటం, అంతే చేయగలిగింది.

పాత పుస్తకాలది ఇంకో తంటా. మన దేశపు శిలాజ పీతల మీద తొలి పెద్ద పని ఫెర్డినాండ్ స్టోలిచ్కాది, 1871లో, సింధ్, కచ్ ప్రాంతాల పీతలు. ఆ కాలపు పుస్తకాల్లో రాతి అచ్చు మీద చేత్తో గీసిన బొమ్మలుంటాయి, స్కేలు గీత ఉండదు, ‘సహజ పరిమాణం’ అని ఒక మాట ఉంటుంది. అది కాగితం మీద సహజ పరిమాణం. స్కాన్ చేసినవాళ్లు మార్జిన్లు కోసి, పేజీని కుదించి పెడితే మన తెర మీద అది ఏ పరిమాణమో దేవుడికే ఎరుక. నేను తెర మీద 100 శాతం పెట్టి కొలిచేశా! వర్ణనలో పొడవు, వెడల్పు అంకెల్లో ఉన్నవి మాత్రం ఉంచుకుని మిగతావి తీసేశా.

ఎగ్మూర్ మ్యూజియంలో భూగర్భ శాస్త్ర విభాగం ఉంది కదా, అసలు శిలాజాల మీద చెయ్యి అలవాటు చేసుకుందామని సెలవు పెట్టి మరీ శుక్రవారం వెళ్లా. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఇంకోసారి వెళ్లేలోపు అద్దం వెనకున్నదాని పక్కన స్కేలు పెట్టనివ్వరు కదా అని తట్టి ఆ ఆలోచన మానేశా.

ఇప్పటిదాకా: 214 వరుసలు, స్కేలు నమ్మకం లేక తీసేసినవి 41, మిగిలినవి 173. ఖర్చు: వెర్నియర్ 850, స్టాండు 600, మొత్తం 1,450 రూపాయలు.

దశ 2: వెడల్పా, పొడవా? (మార్చి చివర)

పీత అనగానే అందరూ అడ్డంగా కొలుస్తారు, నేనూ అంతే. చెన్నై చేపల రేవు కాసిమేడులో కొన్న మూడు చుక్కల పీతని కొలిచేటప్పుడు ఇబ్బంది తెలిసింది. దానికి డొప్ప రెండు పక్కలా పొడుగాటి ముల్లు ఉంటుంది. ముల్లు కొన నుంచి ముల్లు కొన దాకా కొలిస్తే ఒక అంకె, ముల్లు మొదలు దగ్గర కొలిస్తే ఇంకో అంకె, నా బల్ల మీదున్న పీతకి రెండింటి మధ్య తేడా 21 మిల్లీమీటర్లు. వ్యాసాల్లో కొందరు ముళ్లతో కొలుస్తారు, కొందరు ముళ్లు లేకుండా, కొందరు ఏది కొలిచారో రాయరు. పైగా రాయిలో ముందు విరిగేది ముల్లే.

అందుకని పొడవుకి మారిపోయా: కళ్ల మధ్య అంచు నుంచి వెనక అంచు మధ్య దాకా, ముందుకి పొడుచుకొచ్చిన మొన ఉంటే దాన్ని వదిలేసి. మొత్తం 173 వరుసలూ మళ్లీ తీసి చూడాల్సి వచ్చింది. రోజుకి ఇరవై, తొమ్మిది రాత్రులు. ఎవరైనా మొదలుపెడితే మొదటి రోజు నుంచే పొడవు కొలవండి, నా తొమ్మిది రాత్రులు మీకు మిగులుతాయి.

దశ 3: కొండి నుంచి ఒళ్లు కట్టడం, కాసిమేడు పీతలు (ఏప్రిల్, మే)

శిలాజాల్లో పీత మొత్తంగా దొరకడం అరుదు. డొప్ప పల్చన, పగిలిపోతుంది. కొండి గట్టిది, అందులోనూ వేళ్ల కొసలు మరీ గట్టివి, అవే మిగులుతాయి. నా 173లో 38 వరుసలు ఒట్టి కొండిలే. బతికున్న పీతల్లో కొండి పొడవుకీ డొప్ప పొడవుకీ నిష్పత్తి కడితే, ఈ 38కీ ఒళ్లు అంచనా కట్టొచ్చు కదా అనుకున్నా.

ఉదయం అయిదున్నరకి కాసిమేడు. అక్కడ నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒకామె దగ్గర కొనేదాన్ని. మూడు చుక్కల పీతలే కావాలి, చిన్నవీ పెద్దవీ కలిపి కావాలి, గుడ్లున్నవి వద్దు, కాళ్లు విరిగినవి వద్దు అని నేను ఏరుతుంటే ఆమె కాసేపు చూసి, "ఏంది పాపా, పెళ్లిసంబంధం చూసేదానిలా చూస్తుండావే, ఎండ్రకాయలు గదా" అంది. కొలవడానికక్కా అన్నా. "కొల్సి?" అంది. కొలిచి వండుకుంటాం అన్నాక గానీ శాంతించలేదు.

మొదటి విడత 12 పీతలు. చేసిన తప్పులన్నీ ఈ విడతలోనే.

తప్పు ఒకటి: మగా ఆడా కలిపేశా. పొట్ట కింద మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, ఇది అమ్మకి కూడా తెలుసు, కానీ షీటులో ఆ కాలమే పెట్టలేదు. వండాక గుర్తొచ్చింది. పులుసులో మడతలు వెతుక్కున్నాం.

తప్పు రెండు: కుడి కొండి, ఎడమ కొండి ఒకటే అనుకోవడం. చాలా పీతల్లో ఒకటి లావుగా నలగ్గొట్టడానికి, ఇంకోటి సన్నగా కోయడానికి ఉంటుంది. ఏది కొలిచానో రాసుకోలేదు.

తప్పు మూడు: శుభ్రం చేయడానికి ఉడికించిన డొప్పల్ని వెనిగర్‌లో నానబెట్టా. పీత పెంకులో సగం సున్నపురాయి లాంటి పదార్థమే కదా, వెనిగర్ ఆమ్లం, రాత్రంతా బుడగలు. పొద్దున్నకి మూడు డొప్పలు అప్పడాల్లా మెత్తబడి వంకర తిరిగాయి. స్కూల్లో చదువుకున్నదే, చేతికి మాత్రం ఎక్కలేదు. వెనిగర్ వద్దు, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు.

తప్పు నాలుగు: మేడ మీద ఆరబెట్టడం. కాకులు నాలుగు కొండిలు ఎత్తుకుపోయాయి. వాటిలో ఒకటి మామి తులసికోట దగ్గర దొరికింది. ఆ సాయంత్రం మామి పైకొచ్చి చాలా మర్యాదగా, "ఏమ్మా, ఇది మీదేనా" అని కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ మర్యాదే ఎక్కువ భయపెట్టింది. తర్వాత నుంచి దోమతెర కింద, వంటింటి కిటికీ దగ్గర, కింద పాత పేపరు, చుట్టూ చీమల చాక్‌పీసు గీత. అది కత్తిరి ఎండల కాలం కాబట్టి రెండు రోజుల్లో ఆరిపోయాయి, వాసన మాత్రం నాలుగు రోజులుంది.

రెండో విడత 14, మూడో విడత 10. ఈసారి వరస ఇది:

1. ఇంటికి రాగానే, ఉడికించకముందే, ప్రతి పీతకీ నంబరు రాసిన అట్టముక్క దారంతో కట్టడం.
2. మగా ఆడా రాయడం. మడత ఫోటో కూడా.
3. డొప్ప పొడవు, ముళ్లతో వెడల్పు, ముళ్లు లేకుండా వెడల్పు.
4. రెండు కొండిలూ, కుడి ఎడమ వేరుగా. కొండిలో కదలని వేలు కొస నుంచి దాని ‘అరచేయి’, అంటే వేళ్ల వెనకున్న లావు భాగం, వెనక అంచు దాకా.
5. ఒక కొండి రెండోదానికంటే బాగా చిన్నదైతే ‘మళ్లీ మొలిచింది’ అని గుర్తు. తెగిపోయిన కొండి పీతకి తిరిగి వస్తుంది, కానీ మొదట్లో చిన్నదిగా వస్తుంది. నా 23వ నంబరు పీతకి ఎడమది కుడిదానిలో సగమే ఉంది.
6. ఆ తర్వాతే వంటింటికి. "అయిందా నీ పంచనామా, మసాలా నూరనా" అని అమ్మ అప్పటికే రెండుసార్లు అడిగి ఉంటుంది.

ఫలితం: మగా ఆడా కలిపి ఒకే నిష్పత్తి వాడి కొండి నుంచి డొప్ప పొడవు అంచనా కడితే 18 శాతం దాకా తప్పు వస్తోంది. మగవి వేరు, ఆడవి వేరు చేస్తే 7 శాతానికి దిగింది. బాగానే ఉంది అనుకునేలోపు అసలు సంగతి తట్టింది. రాయిలో ఒంటరిగా దొరికిన కొండి మగదో ఆడదో ఎవరు చెబుతారు? మడత లేదు, డొప్ప లేదు. పైగా నా నిష్పత్తి ఒక్క జాతిది, ఈదే పీతది. నాలుగు కోట్ల ఏళ్ల కిందటి రాళ్ల పీతకి ఈ నిష్పత్తి వాడటం మా అమ్మ చెప్పుల సైజు చూసి పక్కింటి అబ్బాయి ఎత్తు చెప్పడం లాంటిది.

38 వరుసలూ తీసేశా. మొత్తం 36 పీతలు, మూడు తెల్లవారుజాములు, ఒక మామి మర్యాద, ఇన్ని పెట్టి తెలుసుకున్నది ఒట్టి కొండిని వాడకూడదని. అదీ కొలతే, రాసిపెడుతున్నా.

ఇప్పటిదాకా: 173 నుంచి కొండిలు 38 పోగా 135. ఒకే నమూనా రెండు వ్యాసాల్లో వచ్చి రెండుసార్లు ఎక్కినవి 9, పోగా 126. ఏ రాతిపొరలోదో, ఎంత పాతదో సరిగ్గా లేనివి 11, పోగా 115. ఖర్చు: పాత 1,450, పీతలు 520, 610, 480, పెట్టెలు ప్రింట్లు 240, ఫినాయిలు సాంబ్రాణి 130, మొత్తం 3,430 రూపాయలు. (సాంబ్రాణి ప్రాజెక్టు ఖర్చే, వాదించకండి.)

దశ 4: ఇది పీతా, పీత వదిలేసిన చొక్కానా? (జూన్)

ఇది నాకు అమ్మ దగ్గర దొరికింది. రెండో విడతలో ఒక పీత పెద్దదిగా ఉండి, వండితే లోపల కండే లేదు, నీళ్లే. "పున్నమి ముందు కొన్నావు, వెన్నెల్లో పీత గుల్లగానే ఉంటుంది, అమావాస్యకి కొనాలి" అంది. వెన్నెల సంగతి నేను తేల్చలేను గానీ గుల్ల పీత ఎందుకవుతుందో పుస్తకాల్లో ఉంది. పీత పెంకు పెరగదు. లోపల ఒళ్లు పెరిగాక పాత పెంకు వెనకవైపు తెరుచుకుని, పీత వెనక్కి జారి బయటికొచ్చి, నీళ్లు పీల్చి ఉబ్బి, ఆ సైజులో కొత్త పెంకు గట్టిపడుతుంది. కండ ఆ తర్వాత మెల్లగా నిండుతుంది. అమ్మకి దొరికింది ఆ మధ్యలో ఉన్నది.

మరి వదిలేసిన పాత పెంకు? అది కూడా బురదలో కూరుకుని శిలాజం కావొచ్చు. అంటే ఒకే పీత తన జీవితంలో పది పదిహేను శిలాజాలు వదలగలదు, ఎక్కువ భాగం చిన్నప్పటివి! నేను ఒక్కో పొర నుంచి సగటు సైజు తీసి ‘ఆ కాలపు పీత’ అంటున్నా. అది పీతల సగటు కాదు, పాత బట్టల సగటు.

డొప్ప పైకి లేచి, పొట్ట భాగం నుంచి పక్కకి జరిగి ఉంటే అది వదిలేసిన పెంకని గుర్తుపట్టొచ్చు. ఒట్టి డొప్పే ఉంటే కష్టం.

అందుకని సగటు మానేసి ప్రతి పొరలోనూ అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకున్నా. కనీసం అంతదాకా పెరిగిందని ఖాయం కదా. ఇందులో ఇంకో గొయ్యి. నా షీటులో ఒక చోటు నుంచి 31 నమూనాలున్నాయి, ఇంకో చోటు నుంచి 3. ముప్పై ఒకటిలో పెద్దది దొరికే అవకాశం మూడులో దొరికేదానికంటే ఎక్కువ, వాతావరణంతో సంబంధం లేకుండానే. మా తమ్ముడు బెంగళూరులో డేటా పని చేస్తాడు, వాడికి ఫోన్ చేస్తే పైథాన్‌లో పది లైన్లు రాసిచ్చాడు: ప్రతి చోటు నుంచీ చీటీలు తీసినట్టు 5 నమూనాలు తియ్యి, పెద్దది రాసుకో, మళ్లీ వెనక్కి వేసెయ్యి, ఇలా వెయ్యిసార్లు, ఆ వెయ్యి పెద్దవాటి మధ్య విలువ తీసుకో. అయిదు కంటే తక్కువ ఉన్న చోట్లని పక్కన పెట్టు, పారెయ్యకు.

ఇది చేశాక 31 నమూనాల చోటు ‘పెద్ద పీతల’ జాబితాలో ఒకటో స్థానం నుంచి నాలుగుకి దిగింది.

దశ 5: వేడి కాలమ్ (జులై)

ఎక్కువ సిగ్గుపడే భాగం ఇదే.

పాత సముద్రాల వేడి ఎలా తెలుస్తుందంటే, సున్నపు గుల్లలున్న సూక్ష్మజీవులు, ఫొరామినిఫెరా అంటారు, వాటి గుల్లలో బరువైన ఆక్సిజన్-18 ఎంత, మామూలు ఆక్సిజన్-16 ఎంత అని చూస్తారు. నీళ్లు చల్లగా ఉంటే బరువైనది ఎక్కువ చేరుతుంది. హెరాల్డ్ యూరీ 1947లో ఈ ఆలోచన చెప్పాడు. లెక్క కట్టడానికి క్రెయిగ్ సమీకరణం వాడా:

వేడి = 16.9 − 4.2 × తేడా + 0.13 × తేడా × తేడా

ఇందులో తేడా అంటే గుల్ల విలువలోంచి (అందులో బరువైన ఆక్సిజన్ వాటా ఒక ప్రామాణిక నమూనాకంటే వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకె) అప్పటి సముద్రపు నీటి విలువ తీసేస్తే వచ్చేది. నేను నీటి విలువ సున్నా అని పెట్టేశా, ఇవాళ్టి సముద్రానికి దాదాపు అంతే కాబట్టి. కానీ ఇయోసీన్ తొలినాళ్లలో ధ్రువాల దగ్గర పెద్ద మంచు పలకలు లేవు. మంచులో ఇరుక్కునే తేలికైన ఆక్సిజన్ అప్పుడు సముద్రంలోనే ఉంది, కాబట్టి నీటి విలువ దాదాపు మైనస్ 1. దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడండి. గుల్ల విలువ మైనస్ 3.5 అనుకుందాం:

1. నీరు సున్నా అని పెడితే: తేడా −3.5, 16.9 + 14.7 + 1.6 = 33.2 డిగ్రీలు.
2. నీరు మైనస్ 1 అని పెడితే: తేడా −2.5, 16.9 + 10.5 + 0.8 = 28.2 డిగ్రీలు.

ఒక్క అంకె మర్చిపోతే అయిదు డిగ్రీలు! మొత్తం ఇయోసీన్‌ని నేనే ఉడకబెట్టేశా.

దానికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. అందరికీ దొరికే 6.6 కోట్ల ఏళ్ల వేడి గీత ఉంది, 2020లో కొత్తగా, ఇంకా వివరంగా వచ్చింది. దాన్ని దించుకుని ప్రతి పీత వయసు పక్కనా ఆ వేడి రాసేశా. ఆ గీత లోతు సముద్రపు అడుగున బతికే ఫొరామినిఫెరాది. ఇవాళ ఆ లోతుల్లో నీళ్లు 2 డిగ్రీల దగ్గరుంటాయి, మన బంగాళాఖాతం పైనీళ్లు 28. నా పీతల్లో చాలావరకు లోతులేని తీరపు నీళ్లవి. కాసిమేడు పీత ఎందుకిలా ఉందో తెలుసుకోవడానికి కొడైకెనాల్ థర్మామీటరు చూసినట్టు. వేడెక్కినప్పుడు ధ్రువాలూ, లోతు నీళ్లూ ఎక్కువ మారతాయి, భూమధ్యరేఖ దగ్గర పైనీళ్లు తక్కువ మారతాయి, కాబట్టి ‘ఎంతో కొంత కలిపేస్తే సరిపోతుంది’ అనడానికీ లేదు.

చోటు కూడా ఇవాళ్టిది పెట్టకూడదు. ఇయోసీన్‌లో భారతదేశం ఇంకా ఉత్తరానికి జరుగుతూనే ఉంది, కచ్ అప్పుడు భూమధ్యరేఖకి చాలా దగ్గర. నేను ఇవాళ్టి అక్షాంశం పెట్టి దాన్ని చల్లటి గుంపులో వేశా.

అన్నీ సరిచేసి, అదే ప్రాంతంలో అదే కాలానికి లోతులేని నీళ్ల వేడి అంచనా ఉన్న వరుసలే ఉంచితే 115 కాస్తా 47 అయింది.

దశ 6: అందమైన గీత, దాని అంతిమయాత్ర (జులై, ఆగస్టు)

నిజం చెప్పాలంటే ఈ దిద్దుబాట్లు చేయకముందే, లోతు సముద్రపు వేడితోనే, 115 వరుసలతో ఒక గీత గీశా. ఎంత బాగా వచ్చిందంటే, ఒక్కో డిగ్రీ వేడి పెరిగేకొద్దీ డొప్ప పొడవు దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతూ, చుక్కలన్నీ బుద్ధిగా వాలి ఉన్నాయి. రాత్రి పదకొండుకి తమ్ముడికి పంపించా. వాడు అభినందనలు చెప్పకుండా, "అక్కా, ఆ వేడి కొసన కింద ఉన్న చిన్న పీతల గుంపు ఎక్కడిది?" అన్నాడు.

చూశా. ఎక్కువ భాగం స్పెయిన్‌లోని ‘కోస్కోబిలో’ అనే చోటు నుంచి, సుమారు 10 కోట్ల ఏళ్ల కిందటి రీఫు (పగడపు దిబ్బ) రాళ్లవి. రెండు ఇబ్బందులు. ఆ 6.6 కోట్ల ఏళ్ల గీత అక్కడిదాకా లేదు కాబట్టి దాని వేడి వేరే చోటి నుంచి తెచ్చి అతికించా, అంటే ఒకే కాలమ్‌లో రెండు కొలబద్దలు. రెండోది, అవి రీఫు పీతలు. పగడాల సందుల్లో దూరి బతికేది చిన్నగానే ఉంటుంది, నీళ్లు వేడైనా చల్లనైనా. రెండో కొసన ఉన్న పెద్ద పీతల గుంపులో న్యూజిలాండ్‌లో మయోసీన్ (ఇయోసీన్ కంటే తర్వాతి, చల్లబడిన యుగం) నాటి పీత టుమిడోకార్సినస్ ఉంది, పేరులోనే ‘జైగాంటియస్’, భారీ అని. అది రీఫుది కాదు.

2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 792 జాతుల పీతలూ లాబ్‌స్టర్ల సైజులు పోగేసింది. దాన్ని నేను జనవరిలోనే చదివా, కానీ నాకు కావలసిన ముక్క కోసం చదివా. అందులో ఉన్నదేంటంటే, కాలంతో పాటు పెద్ద సైజు పెరిగిన మాట నిజమే, కానీ ఒకే వంశంలో పీతలు పెద్దవవుతూ రాలేదు, పెద్ద ఒళ్లున్న కొత్త వంశాలు వచ్చి చేరాయి. క్రెటేషియస్‌లో, అంటే ఆ 10 కోట్ల ఏళ్ల కిందటి రాళ్ల యుగంలో, రీఫు పీతలు మిగతా చోట్ల పీతలకంటే బాగా చిన్నవయ్యాయి. నా గీత చూపించింది వేడిని కాదు, ఇంటి అడ్రసుని.

అదీకాక ఇటలీ ఇయోసీన్ హార్పాక్టోకార్సినస్, ఈజిప్టు ఇయోసీన్ లోబోకార్సినస్ రెండూ వెచ్చటి కాలపు పీతలే, రెండూ పెద్దవే. అవి నా గీతకి పైన ఎక్కడో వేలాడుతుంటే వాటిని ‘ఇవేవో తేడా’ అని లేత రంగులో వేశా. లేత రంగు వేయమని నాకెవరూ చెప్పలేదు.

మిగిలిన 47ని విడగొట్టా: రీఫువి 19, బురద ఇసుక అడుగువి 28. రెండు గుంపుల్లోనూ విడివిడిగా వాలు లేదు. ‘వాలు లేదు’ అంటే వేడికి సంబంధం లేదని కాదు, 28 వరుసలతో, ఇన్ని రకాల వంశాలతో, ఉన్నా నాకు కనబడదు. అందుకే గీత గీయలేదు, ఒట్టి చుక్కలు ఉంచా.

ఇప్పటిదాకా: 214లో మిగిలినవి 47. ఖర్చు కొత్తగా ఏమీ లేదు, 3,430 దగ్గరే. గంటలు సుమారు 160, అందులో కాసిమేడు ప్రయాణాలు కలపలేదు.

దశ 7: ఇప్పుడు చేస్తున్నది

అన్ని పీతల్నీ వదిలేసి ఒకే ప్రజాతి, వరసగా కొన్ని పొరల్లో దొరికేది, ఒకే రకం అడుగు మీద బతికింది పట్టుకోవాలి. వేడి మారితే అదే కుటుంబంలో సైజు మారిందా అని అడగాలి, వేర్వేరు కుటుంబాల్ని పక్కపక్కన నిలబెట్టకుండా. కచ్ ఇయోసీన్, మయోసీన్ పొరల మీద అచ్చైనవి మళ్లీ మొదటి నుంచి చదువుతున్నా. ఒక్కో పొరకి కనీసం అయిదు డొప్పలు ఉన్నదాన్నే ఎక్కిస్తా.

షీటులో ఇప్పుడున్న కాలమ్‌లు, కాపీ కొట్టుకోండి: నమూనా నంబరు; ప్రజాతి; రాతిపొర; వయసు, దాని అటూఇటూ; అప్పటి అక్షాంశం; అడుగు రకం; డొప్ప పొడవు మూడుసార్లు; అంకె వ్యాసంలోదా ఫోటోలోదా; స్కేలు ఏ ఎత్తులో ఉంది; వదిలేసిన పెంకా, చచ్చిన పీతా, తెలీదా; వేడి; ఆ వేడి ఏ జీవి గుల్ల నుంచి, పైనీళ్లదా లోతు నీళ్లదా; నీటి విలువ ఎంత పెట్టాం. మొదట్లో నా షీటులో నాలుగే కాలమ్‌లు ఉండేవి.

23వ నంబరు పీత, సగం కొండిది, ఇంకా ఫ్రీజర్‌లో డబ్బాలో ఉంది. అమ్మ దానిమీద ‘కొలతది, వండకూడదు’ అని రాసి పెట్టింది. కరెంటు పోయినప్పుడల్లా మామికి వాసన వస్తుందేమోనని టెన్షన్.